ఎనిమిదో తరగతిలో ఒక ప్రశ్న

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో మొదటి రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)

  భోజనాల తర్వాత మాట్లాడమన్నారు. అరిటాకులో వడ్డించిన పప్పూ నెయ్యీ పని మొదలుపెట్టే వేళ ఇది. నిద్రపోయేవాళ్లను నేనేమీ అనుకోను. కాకపోతే నా విషయం పేరు వింటే కొందరు లేచి కూర్చుంటారని కార్యదర్శి గారి నమ్మకం.

నేను ముప్పై నాలుగేళ్లు డిస్టిలరీల్లో కెమిస్టుగా పనిచేశాను. మొలాసిస్ ట్యాంకు దగ్గర మొదలై, సీసా మీద లేబుల్ పడేదాకా అన్ని చోట్లా ఉన్నాను. ఇంటి పక్కవాళ్లు అడిగితే "షుగర్ ఫ్యాక్టరీలో" అని చెప్పేవాడిని. పిల్లల పెళ్లి సంబంధాలప్పుడూ అంతే. ఈ రోజు మన బడిలో, మన వాళ్ల ముందు, మొదటిసారి ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

ఎందుకంటే ఈ కథ ఇక్కడే, ఆ వేపచెట్టు పక్క గదిలో మొదలైంది. మేం ఎనిమిదో తరగతి. మా సైన్సు మాస్టారు (ఇదిగో, వేదిక మీద నవ్వుతున్నారు) ఫ్లాస్కులో నీళ్లు పోసి, చిటికెడు మైలుతుత్తం వేసి, నీలంగా చేసి చూపించారు. కింద స్పిరిట్ దీపం వెలిగించారు. నీళ్లు మరిగాయి. ఆవిరి గాజు గొట్టంలోంచి పోయి, చల్లబడి, అవతలి బీకరులో బొట్టుబొట్టుగా పడింది. నీలం ఫ్లాస్కులోనే ఉండిపోయింది. బీకరులోకి అద్దం లాంటి నీళ్లొచ్చాయి. తరగతి మొత్తం నోరు తెరిచింది. అప్పుడు మూడో బెంచీ చివర కూర్చున్న మావాడొకడు లేచి, "సార్, సారా కాసేది కూడా ఇట్లాగేనా?" అన్నాడు.

గదంతా గొల్లుమంది. మాస్టారు సుద్దముక్క విసిరి, "కూర్చోరా" అన్నారు. వాడు కూర్చున్నాడు.

అది చాలా మంచి ప్రశ్న. మాస్టారిని తప్పుపట్టడం లేదు. 1973లో ఏ మాస్టారైనా అదే చేసేవారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇవాళ వచ్చాను. కాస్త ఆలస్యమైంది.

జవాబు: అవునురా, ఇట్లాగే. కాకపోతే మైలుతుత్తం మరగదు గనక పూర్తిగా వెనకే ఉండిపోతుంది. సారాలో అలా కాదు, అన్నీ ఎంతో కొంత ఆవిరయ్యేవే. మద్యసారం 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. రెండూ కలిపి మరిగిస్తే ఆవిరిలో మద్యసారం వాటా ఎక్కువగా ఉంటుంది. ఆ ఆవిరిని చల్లబరిస్తే మొదట ఉన్నదానికన్నా ఘాటైన ద్రవం దొరుకుతుంది. దాన్ని మళ్లీ మరిగిస్తే ఇంకా ఘాటు. కల్లు గీసే తాతకు ఈ గొడవ లేదు. తాటిచెట్టు మీద కుండలో పడ్డ తీపి నీరు గాలిలోని ఈస్టు వల్ల దానంతటదే పులుస్తుంది. కుండకు సున్నం రాస్తే పులవదు, నీరాగా ఉంటుంది. అయితే ఈస్టు తాను పుట్టించిన మద్యసారంలో తానే బతకలేదు. నూటికి పదిహేను పాళ్లు వచ్చేసరికి దాని పని అయిపోతుంది. అందుకని పులియబెట్టి మాత్రమే చేసే ఏ పానీయమైనా దాదాపు అక్కడే ఆగుతుంది. అంటే ప్రకృతి అక్కడొక గీత గీసింది. మనిషి పొయ్యి పెట్టి, కుండ మీద కుండ ఎత్తి, ఆ గీత దాటాడు.

ఎత్తిన కుండను నేను మొదటిసారి చూసింది నా ఫ్యాక్టరీలో కాదు, ఆదిలాబాద్ అడవిలో. 1998 మార్చిలో ఒక మిత్రుడి వెంట ఉట్నూరు వైపు వెళ్లాను. ఇప్పపూలు రాలే కాలం. పూలు తెల్లవారుజామున రాలతాయి. ముందే చెట్టు కింద ఆకులు ఊడ్చి, నేల శుభ్రం చేసి ఉంచుతారు. ఆడవాళ్లూ పిల్లలూ బుట్టలతో వచ్చి, లేత పసుపు ముత్యాల్లాంటి పూలు ఏరుకుంటారు. ఎండబెడితే కిస్మిస్ లాగా ముడుచుకుంటాయి. వాటిని వండుకుని తింటారు, గింజల నుంచి నూనె తీస్తారు, కొంత సారాకు పోతుంది. నానబెట్టి పులిసిన పూలు అడుగు కుండలో. దాని మీద ఇంకో కుండ, లోపల సారా పట్టే చిన్న పాత్ర. అన్నిటికన్నా పైన చల్లని నీళ్ల గిన్నె. ఆవిరి పైకెళ్లి గిన్నె అడుగుకు తగిలి బొట్లుగా లోపలి పాత్రలో పడుతుంది. పైన నీళ్లు వేడెక్కితే మారుస్తారు. ఎన్నిసార్లు నీళ్లు మార్చారన్నదాన్ని బట్టి సారా ఘాటు లెక్కగడతారు. తక్కువసార్లు మారిస్తే ఘాటు, ఎక్కువసార్లు మార్చేకొద్దీ పలచన. నా జేబులో హైడ్రోమీటరు ఉంది. సిగ్గేసి బయటికి తీయలేదు.

అక్కడొక పెద్దాయన దొప్ప చేతికిచ్చే ముందు నాలుగు చుక్కలు నేల మీద వదిలాడు. పెద్దలకట. గోండుల్లో అది దేవతకు పెట్టేది, పెళ్లిలో పంచేది, చావులో పోసేది. ఎప్పుడు, ఎవరితో, ఎందుకు అన్నదానికి ఒక కట్టు ఉంది. అక్కడ తాగుడు నష్టాలు లేవని నేననను. ఉన్నాయి. అడవి అనగానే అన్నీ పవిత్రం అనుకునే పట్నం జబ్బు నాకు లేదు. కానీ పువ్వు రాలే కాలానికీ, పండగకూ ముడిపెట్టి ఉన్న వస్తువుకూ, రోజూ పొద్దున పది గంటలకు షట్టరు తీసే వస్తువుకూ తేడా ఉంది.

మాటల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను, తెలుగు మాస్టార్లు కూడా ఉన్నారు గనక. అరక్ అంటే అరబ్బీలో చెమట. కుండ లోపలి గోడకు చెమట పట్టినట్టు బొట్లు పడతాయి కదా, అదీ. ఆల్కహాల్ కూడా అరబ్బీ నుంచే. అల్ కుహ్ల్ అంటే కళ్లకు పెట్టుకునే సుర్మా పొడి. మెత్తగా తీసిన పొడికి ఉన్న పేరు, తర్వాత ఏ వస్తువు సారానికైనా చెల్లి, చివరికి ఈ ఒక్కదానికి మిగిలింది.

ఇక నా వృత్తి. స్కాట్లండులో రాగి పాత్రల్లో కాస్తారు. రాగి అందానికి కాదు, పులిసిన ద్రవంలోని గంధకపు వాసనల్ని అది పట్టేస్తుంది. మొదట వచ్చే ఘాటు ద్రవాన్ని, చివర్లో వచ్చే బరువైన వాసనల ద్రవాన్ని పక్కకు తీసి, నడిమి భాగాన్నే ఉంచుకుంటారు. ఎక్కడ కోయాలన్నదే పనితనం. తర్వాత ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉంచకపోతే దాన్ని స్కాచ్ అనకూడదు, చట్టం ఒప్పుకోదు. పీపా లోంచి ఏటా నూటికి రెండు పాళ్లు గాలిలో కలిసిపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. మన ఎండలకు మన దేవతలు అంతకు ఎన్నో రెట్లు తాగుతారు. బెంగళూరులో చేసిన మాల్ట్ విస్కీ ఒకటి 2004లో ఏకంగా గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టారు, దాని పేరు అమృత్. ఆ వార్త చదివి మా ల్యాబులో మిఠాయిలు పంచుకున్నాం.

మరి నేను చేసిందేమిటి? మొలాసిస్ పులియబెట్టి, పొడవాటి ఉక్కు స్తంభాల్లో మరిగించి, నూటికి 96 పాళ్ల స్పిరిట్ తీయడం. రంగు లేదు, రుచి లేదు, ఊరు లేదు, పేరు లేదు. దాంట్లో నీళ్లు, కాస్త రంగు, కాస్త సువాసన, ఒక్కోసారి కాస్త మాల్ట్ కలిపితే మనవాళ్లు విస్కీ అంటారు. యూరప్‌లో దాన్ని ఆ పేరుతో అమ్మనివ్వరు. ఆ రోజుల్లో అదే స్పిరిట్‌లో నీళ్లు కలిపి ప్లాస్టిక్ ప్యాకెట్లో పోస్తే సారా. మా నెల్లూరు పల్లెల్లో వారుణి వాహిని కాలం నుంచి ఆ ప్యాకెట్లు ఎంత తేలిగ్గా దొరికేవో మీకు నేను చెప్పాలా?

1991లో జిల్లాలో అక్షరదీపం రాత్రి బడులు మొదలయ్యాయి. మా అమ్మ యాభై దాటాక అక్షరాలు నేర్చుకుంది. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, ఊళ్లో ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించిన కథ. దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు చేసి చూపించాక ఊరూరా అంటుకుంది. 1992లో సారా వేలంపాటలు జరగనివ్వకుండా కలెక్టరాఫీసు ముందు కూర్చున్న వందలమందిలో మా అమ్మ ఒకతె. ఆ సంగతి ఆమె నాకు ఉత్తరంలో రాసింది. ఆమె నాకు రాసిన మొదటి ఉత్తరం అదే.

ఆ దసరాకు ఇంటికొచ్చాను. అన్నం పెట్టింది. కంచం పక్కన ఒక సారా ప్యాకెట్ పెట్టింది.

"ఇందులో నువ్వు కాచింది ఎంతుంది నాయనా?" అంది.

నేను కెమిస్టుని కదా, కెమిస్టు జవాబే చెప్పాను. మేం స్పిరిట్ మాత్రమే చేస్తామనీ, అది ఎటు పోతుందో మాకు తెలీదనీ, గోడౌనుకు రెండు తాళాలు, ఒకటి కంపెనీది ఒకటి ఎక్సైజు వాళ్లదనీ, మాది శుద్ధమైన సరుకనీ, నాటుసారా తాగి కళ్లు పోగొట్టుకోవడం కంటే ఇది మేలనీ. ఆమె విని, "ఎదురింటోడి కూలి ఎంతో, దీని ఖరీదెంతో నాకిప్పుడు లెక్క వచ్చు" అంది. ప్యాకెట్ తీసి దూలం మీద పెట్టింది. ఇంకేమీ అనలేదు. నేను అన్నం తిన్నాను. నెలాఖరుకు మామూలుగానే మనియార్డరు పంపాను. ఆమె మామూలుగానే తీసుకుంది. ఇది కథ అయ్యుంటే నేను ఉద్యోగం మానేసి ఉండేవాణ్ణి. మానలేదు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లున్నాయి.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దాని మంచిచెడ్డల మీద మీ ఒక్కొక్కరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. సాయంత్రం టీ దగ్గర వాదించుకుందాం.

కళ్లు పోవడం అన్నాను కదా. ఒక అపోహ తీర్చాలి. నాటుసారా కాసేవాళ్లు మొదటి గ్లాసెడు పారబోస్తే విషం పోతుందని అంటారు. బెల్లపు ఊటలో మిథనాల్ అసలు బహు తక్కువ. ఉన్నదైనా ఆ మొదటి గ్లాసులో మూటగట్టుకుని రాదు. వందలమందిని చంపే కల్తీ సారాలో ఉండేది పరిశ్రమల నుంచి వచ్చి కలిసిన మిథనాల్. మన మాస్టారి స్పిరిట్ దీపం గుర్తుంది కదా? ఎవరూ తాగకూడదని ఆ దీపపు స్పిరిట్‌లో మిథనాల్ లాంటివే కలుపుతారు. ఒంట్లో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని తినేస్తుంది. రంగు, వాసన చూసి కనిపెట్టడం నా వల్ల కూడా కాదు. తాగాక చూపు మసకేస్తే మజ్జిగ, నిమ్మరసం అంటూ గంటలు పోగొట్టకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. మందుంది, సమయమే ఉండదు.

ఇప్పుడు మా మూడో బెంచీవాడి దగ్గరికి వస్తాను. పేరు చెప్పను. మా బ్యాచ్‌కి తెలుసు. వాడు సారా తాగినవాడు కాదు, కల్తీ తాగినవాడూ కాదు. మంచి ఉద్యోగం, సొంత ఇల్లు, మాట పడనివాడు. 2001లో మా బ్యాచ్ పాతికేళ్ల కలయిక జరిగినప్పుడు వాడికి నేనొక ఖరీదైన సీసా బహుమతిగా తెచ్చాను. "నువ్వు కాచిందేనా?" అన్నాడు. అమ్మ మాటే మళ్లీ, వాడు మాత్రం నవ్వుతూ. "నాదేముందిరా, రోజూ క్వార్టరే" అన్నాడు. నేను తల ఊపాను.

లెక్క రానివాడు తల ఊపాడంటే సరే. నాకు లెక్క వచ్చు. మన దేశంలో సీసా మీద 42.8 అని ఉంటుంది. పాత బ్రిటిష్ కొలతలో 75 డిగ్రీల ప్రూఫ్, అదే ఇంకా నడుస్తోంది. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. అందులో అచ్చమైన మద్యసారం 77 మిల్లీలీటర్లు. ఏడాదికి 28 లీటర్లు. ఇరవై ఏళ్లకు 560 పైచిలుకు. మేం స్పిరిట్ నింపే 200 లీటర్ల డ్రమ్ములు దాదాపు మూడు. ఒక్క మనిషి కాలేయం గుండా. క్వార్టరే అన్న మాటలోని ఆ "ఏ" అక్షరం ఉంది చూశారూ, దాని బరువది.

2010లో ఆస్పత్రిలో చూశాను. పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి, చేతులు ఎండుకట్టెల్లా. నలభై తొమ్మిదేళ్లు. "సారా కాసేది ఇట్లాగేనా అని అడిగాను, గుర్తుందా?" అన్నాడు. గుర్తుందన్నాను. అంతకు మించి ఏమీ మాట్లాడలేకపోయాను. పదకొండు రోజులకు పోయాడు. ఆ సీసా ఖాళీది వాళ్లింట్లో షోకేసులో ఉంది. వాళ్లావిడ అందులో మనీప్లాంట్ పెంచుతోంది.

అందుకని మానేయండి అని ఉపన్యాసం చెప్పే హక్కు నాకు లేదు. నేనూ అప్పుడప్పుడూ తీసుకునేవాడినే. తాగనివాళ్లు తాగకుండా ఉండటమే మేలు. కొంచెం తాగితే గుండెకు మంచిదని పాత సామెతలా తిరిగే మాటను ఇప్పుడు ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, ఇంత వరకు పర్వాలేదు అనే కొలత ఏదీ లేదని తేల్చింది. క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో మద్యం 1988 నుంచే ఉంది. తాగేవాళ్లకు మాత్రం, ఇంకేం కాకపోయినా, లెక్క తెలియాలి. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో పది గ్రాముల మద్యసారం ఉంటుంది. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి, నూటికి ఎనిమిది పాళ్లదైతే, నాలుగు పెగ్గులతో సమానం. "నేను బీరే" అనేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, నవ్వులు వినిపిస్తున్నాయి. కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములే తేల్చగలదు. కాఫీ, చన్నీళ్ల స్నానం, మజ్జిగ, ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. రాత్రి పదకొండుకు క్వార్టర్ ముగించినవాడి రక్తంలో తెల్లారి ఆరింటికి, బండి తాళం తీసేటప్పటికి, ఇంకా కొంత ఉంటుంది. అరవై కిలోల మగమనిషి ఖాళీ కడుపున రెండు చిన్న పెగ్గులు తాగితే చట్టం ఒప్పుకునే 30 మిల్లీగ్రాముల గీత దాటిపోతాడు. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువతోనే దాటుతుంది, ఒంట్లో నీటి పాలు తక్కువ గనక. ముందు అన్నం తింటే నెమ్మదిగా ఎక్కుతుంది. తాగిన నిద్ర రెండో జాముకు చెదిరిపోతుంది. రుచి తెలిసినవాడు ఒకటి గంటసేపు తాగుతాడు, పక్కన నీళ్లు పెట్టుకుంటాడు. మా ల్యాబులో రుచి చూసేవాళ్లు మింగేవాళ్లు కాదు, వాసన చూసి, నాలిక మీద తిప్పి, ఉమ్మేసేవాళ్లు. వాళ్లకు తెలిసినంత రుచి గ్లాసు ఎత్తి దించేవాడికి జన్మలో తెలీదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఈ మాటలు విని రేపటి నుంచి ఒక్కసారిగా ఆపేయవద్దు. చేతుల వణుకు, మూర్ఛ, మతి తప్పడం వస్తాయి. ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చేతి కింద ఆపాలి. అది పిరికితనం కాదు.

ఈ రాత్రి సంగతి కూడా తేలుద్దాం, మొహమాటం లేకుండా. ఫంక్షన్ హాలు వెనక గదిలో ఏర్పాట్లున్నాయని అందరికీ తెలుసు, కార్యదర్శి గారికి తప్ప. నా మనవి ఇంతే. ఒకరి గ్లాసు ఇంకొకరు నింపవద్దు. వద్దన్నవాణ్ణి "మగాడివేనా" అని అడగవద్దు. మా బ్యాచ్‌లో మందు మానేసి ఆరేళ్లైన మిత్రుడొకడు ఉన్నాడు. ఆ గదిలోకి రావడానికి భయపడి రాత్రి బస్సుకే వెళ్లిపోతానంటున్నాడు. వాడి కోసం బయట వేపచెట్టు కింద కుర్చీలు వేయించాను. సోడా, నిమ్మకాయలు, వేరుశెనక్కాయలు ఉంటాయి. నేను అక్కడే కూర్చుంటాను. కార్లు తెచ్చినవాళ్లు తాళాలు నాకివ్వండి, పొద్దున టిఫిన్ దగ్గర తీసుకోండి.

మాస్టారూ, సైన్సు గదిలో పాత కండెన్సరు పగిలి ఎన్నేళ్లైందో అక్కడ ఎవరికీ గుర్తులేదు. కొత్త గాజు సామాను ఒక సెట్టు తెచ్చాను, స్పిరిట్ దీపంతో సహా. హెడ్మాస్టరమ్మ గారు సోమవారం పదిన్నరకు ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒక పీరియడ్ నాకు అప్పగిస్తానన్నారు. మైలుతుత్తం నెల్లూరులో కొన్నాను. ఎవడో ఒకడు లేచి అడుగుతాడు. మీకు ఓపికుంటే వచ్చి వెనక బెంచీలో కూర్చోండి, సుద్దముక్క మాత్రం తేవద్దు.